తెలుగు టెలివిజన్ విలేకరి వృత్తి, దానిపై వచ్చిన విమర్శ: రేణిగుంట నేపథ్యంలో ఒక పరిశీలన

దక్షిణ రాయలసీమలో రేణిగుంటకు ఉన్న ప్రాధాన్యమంతా దారుల వల్ల వచ్చింది. మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయవ్య దిశగా వేసిన మార్గం 1862లో ఈ ఊరికి చేరింది. 1871లో అదే మార్గం రాయచూరు దగ్గర బొంబాయి వైపు నుంచి వచ్చిన మార్గాన్ని కలుసుకోవడంతో రెండు మహానగరాల మధ్య ప్రయాణానికి రేణిగుంట ఒక మజిలీగా మారింది. తరువాతి కాలంలో గూడూరు, కాట్పాడి మార్గాలు కూడా కలవడంతో అది పెద్ద కూడలి స్టేషన్ అయింది. తిరుపతి విమానాశ్రయం కూడా ఈ మండలంలోనే ఏర్పడింది కనుక, తిరుమల శ్రీవారి దర్శనానికి వచ్చే రాష్ట్రపతులు, ప్రధానులు, ముఖ్యమంత్రులు, న్యాయమూర్తులు, సినిమా తారలు మొదట అడుగుపెట్టేది రేణిగుంట నేల మీదనే. వారు విమానం దిగిన క్షణం నుంచి కొండ ఎక్కేదాకా వెంట నడిచే కెమెరాల వరుసలో, దేశమంతటికీ తెలిసిన వార్తా సంస్థల పేర్లున్న మైకులు పట్టుకుని నిలబడేవారిలో ఎక్కువమంది ఈ ప్రాంతపు విలేకరులే.

నాలుగు దశాబ్దాల తెలుగు టెలివిజన్ వార్తల చరిత్రలో విలేకరి మూడు రకాల యజమానుల కింద పనిచేశారు. మొదట కేంద్ర ప్రభుత్వం, ఆ తరువాత వార్తను వ్యాపారంగా నడిపిన సంస్థలు, చివరికి రాజకీయ పక్షాలకు చేరువగా ఉన్న పెట్టుబడి వర్గాలు ఆ స్థానంలో ఉన్నాయి. ఈ మూడు దశల్లోనూ ప్రజల నుంచి విమర్శ వచ్చింది, మూడుసార్లూ అది ప్రధానంగా తెర మీద కనిపించిన వ్యక్తికే తగిలింది. ఆ వ్యక్తి ఏది చెప్పాలో, ఎంతసేపు చెప్పాలో, ఏది వదిలేయాలో నిర్ణయించిన యాజమాన్య వ్యవస్థ మాత్రం విమర్శకు చాలావరకు అందకుండా మిగిలింది. ఈ సంగతిని హైదరాబాదు స్టూడియోల వైపు నుంచి చూసినప్పటికంటే రేణిగుంట వంటి మండల కేంద్రం వైపు నుంచి చూసినప్పుడు స్పష్టంగా అర్థం చేసుకోవచ్చు.

మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న, హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రసారాలు ప్రారంభించాయి. భూతల ట్రాన్స్‌మిటర్, అంటే నేల మీద కట్టిన ఎత్తైన స్తంభం నుంచి సంకేతాలను నలుదిక్కులకు పంపే యంత్రం, తన చుట్టూ కొంత దూరం వరకే పనిచేస్తుంది. రేణిగుంట, పుత్తూరు, నగరి ప్రాంతాలు హైదరాబాదుకంటే మద్రాసుకు ఎంతో దగ్గర కావడంతో, ఇంటి మీద ఎత్తైన ఏంటెన్నా నిలబెట్టుకోగలిగిన కుటుంబాలకు తెలుగు బొమ్మకంటే తమిళ బొమ్మ సులువుగా అందేది. రిలే కేంద్రాలు పెరిగిన తరువాతనే సొంత భాషలో వార్త ఈ సరిహద్దు ప్రాంతపు ఇళ్లలోకి క్రమంగా వచ్చింది.

1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో తెలుగు వార్తలు మొదలయ్యాయి. ఆ రోజు వార్తలు చదివిన శాంతిస్వరూప్ తెలుగులో తొలి టెలివిజన్ న్యూస్ రీడర్‌గా చరిత్రకెక్కారు. 1978లో దూరదర్శన్‌లో చేరిన ఆయన 2011లో పదవీ విరమణ చేసేవరకు ఆ సంస్థలోనే ఉన్నారు. చదవవలసిన పాఠాన్ని కెమెరా ముందున్న అద్దం మీద అక్షరాలుగా చూపించే టెలిప్రాంప్టర్ అనే పరికరం తొలి పదేళ్లపాటు ఆ స్టూడియోలో లేదు. అందువల్ల చేతిలోని కాగితాలను ముందే కంఠతా పట్టి, కళ్లు ప్రేక్షకుడి వైపు ఉంచి, తడబాటు లేకుండా చెప్పడం ఆయన అలవరచుకున్న విద్య. భోపాల్ విషవాయు దుర్ఘటన మీద ‘రాతి మేఘం’ అనే నవల రాసిన రచయిత కూడా అయిన శాంతిస్వరూప్ 2024 ఏప్రిల్ 5న హైదరాబాదులో మరణించినప్పుడు, రాజకీయ భేదం లేకుండా అన్ని పక్షాల నాయకులూ నివాళులర్పించారు. ఆ గౌరవం ఆయనకు పూర్తిగా తగినదే. తెలుగు మాటను తెర మీద ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా పలకవచ్చో ఒక తరానికి నేర్పిన వ్యక్తి ఆయన.

అయితే శాంతిస్వరూప్ మీద ఉన్న గౌరవం ఆయన చదివిన వార్తల మీద ఎల్లవేళలా ఉండేది కాదన్న సంగతిని చరిత్రకారుడు దాటవేయకూడదు. ఆనాటి దూరదర్శన్ కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ అదుపులోని ప్రభుత్వ విభాగం. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్.టి.రామారావు ప్రభుత్వాన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేసిన నాటి నుంచి, సెప్టెంబరు 16న రామారావు తిరిగి పదవి చేపట్టేవరకు రాష్ట్రమంతా అట్టుడికిపోగా, తెలుగు పాఠకుడు ఆ నెలరోజుల వివరాల కోసం దినపత్రికలనే నమ్ముకున్నాడు. అదే సంవత్సరం అక్టోబరు 31న ఇందిరాగాంధీ హత్య జరిగినప్పుడు విదేశీ రేడియో ముందే చెప్పిన మరణవార్తను ప్రభుత్వ ప్రసార సంస్థలు సాయంత్రం వరకు ప్రకటించలేదు. ఆ దశాబ్దం రెండో సగంలో ప్రతిపక్షాలు దూరదర్శన్‌ను ‘రాజీవ్ దర్శన్’ అని పిలిచేవి. ఈ సంస్థలకు స్వయంప్రతిపత్తి ఇవ్వాలని వర్గీస్ కమిటీ 1978లోనే సూచించింది. 1990లో ప్రసార భారతి చట్టం వచ్చింది కానీ, అది అమలులోకి రావడానికి 1997 వరకు ఆగవలసి వచ్చింది. మొదటి యజమాని కాలంలో విమర్శ సారాంశం ఒకటే: టెలివిజన్ చెప్పవలసినది చెప్పడం లేదు. ఎదుట ఉంచిన పాఠాన్ని చదవడమే ఉద్యోగమైన న్యూస్ రీడర్ చేతిలో ఆ లోపానికి మందు లేదు.

రెండో దశకు 1995ను ప్రారంభ సంవత్సరంగా చెప్పుకోవచ్చు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండరాదనీ సుప్రీంకోర్టు ఆ ఏడాది ఫిబ్రవరి 9న తీర్పు చెప్పింది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం కూడా ఆ ఏడాదిదే. జెమిని టీవీ, ఆగస్టు 27న ఈటీవీ మొదలై, తెలుగు ప్రేక్షకుడికి దూరదర్శన్ కాక మరో దిక్కు ఏర్పడింది. ఈ సంస్థల్లో ఈటీవీ వెంట ఒక పత్రిక అనుభవం ఉంది. 1985లో రామారావు ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలను ఏర్పాటు చేసిన తరువాత, 1989 నుంచి జిల్లా అనుబంధ సంచికలు ప్రచురించిన ‘ఈనాడు’ మండలానికో విలేకరిని నియమించుకుంటూ పోయింది. ఇతర పత్రికలూ అదే బాట పట్టాయి. ఇలా నియమితుడైన వ్యక్తిని కంట్రిబ్యూటర్ అన్నారు. ఆయన సంస్థ ఉద్యోగి కాడు, జీతం లేదు, అచ్చయిన వార్త నిడివిని బట్టి కొద్దిపాటి పారితోషికం ఉంటుంది. వ్యవసాయమో, చిన్న దుకాణమో, బడిలో పాఠాలు చెప్పడమో ఆయన అసలు జీవనాధారం. టెలివిజన్ ఇదే ఏర్పాటును స్వీకరించి, కథనానికింత అని లెక్కగట్టి, ఆ వ్యక్తిని స్ట్రింగర్ అని పిలిచింది.

తొలినాళ్లలో స్ట్రింగర్ పని కాళ్లతో, భుజాలతో చేసే పని. చిత్రీకరించిన క్యాసెట్‌ను బస్సులోనో రైల్లోనో పంపితే, రాత్రంతా ప్రయాణం చేసి అది హైదరాబాదు చేరిన తరువాత మరుసటి రోజు వార్తల్లో చోటు దొరికేది. అందువల్ల రేణిగుంటలో మధ్యాహ్నం జరిగిన సంఘటనకూ తెర మీది బొమ్మకూ నడుమ ఒక పగలో రాత్రో గడిచేది. ఆ ఆలస్యం వార్తకు లోపమే, కానీ తప్పు సరిదిద్దుకోవడానికి అది కొంత వ్యవధిని కూడా ఇచ్చింది. క్యాసెట్ బయలుదేరిన తరువాత కూడా ఫోను చేసి మృతుల సంఖ్య సవరించే వీలు, ఒక పేరు పొరపాటని చెప్పే వీలు స్ట్రింగర్‌కు ఉండేవి.

2003 అక్టోబరు 1న తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళుతున్న ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడి వాహనశ్రేణి మీద అలిపిరి దగ్గర నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చారు. ముఖ్యమంత్రి గాయాలతో బయటపడ్డారు, వెంట ఉన్న శ్రీకాళహస్తి శాసనసభ్యుడు, మంత్రి బొజ్జల గోపాలకృష్ణారెడ్డి కూడా గాయపడ్డారు. రేణిగుంట మండలం ఆ శాసనసభా నియోజకవర్గంలోనే ఉంది. ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానళ్లు ఇంకా నిలదొక్కుకోని ఆ రోజున జనం క్షణక్షణం సమాచారం కోసం తహతహలాడిన తీరు, వార్తకు ఎంత పెద్ద విపణి ఎదురుచూస్తోందో పెట్టుబడిదారులకు చూపింది. ఆ ఏడాది డిసెంబరు 28న ఈటీవీ2, 2004 ఆరంభంలో టీవీ9 ప్రసారాలు మొదలుపెట్టాయి. 2007లో ఎన్‌టీవీ, టీవీ5, 2009లో హెచ్‌ఎంటీవీ, సాక్షి, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి వచ్చాయి. ఆరేళ్లలో ఒక భాషలో ఇన్ని వార్తా ఛానళ్లు పుట్టుకురావడం దేశంలో అరుదు.

ఈ దశకు ప్రతినిధిగా ఒక వ్యక్తిని పేర్కొనవలసి వస్తే, టీవీ9 వ్యవస్థాపక ముఖ్య కార్యనిర్వాహకుడు రవిప్రకాశ్‌ను విడిచిపెట్టడం సాధ్యం కాదు. ‘మెరుగైన సమాజం కోసం’ అన్న నినాదంతో మొదలైన ఆ ఛానల్ తెలుగు వార్త వేగాన్నీ స్వరాన్నీ మార్చివేసింది. మంత్రిని నిలదీసి అడగడం, అధికారి గదిలోకి కెమెరాతో వెళ్లడం, రహస్య కెమెరాతో లంచగొండితనాన్ని బయటపెట్టడం, చిన్న ఊరి సమస్యను రాజధాని తెర మీదికి తేవడం ఆ సంస్థ అలవాటు చేసిన పద్ధతులు. దూరదర్శన్ కాలపు మౌనంతో విసిగిన ప్రేక్షకుడు దీన్ని మనసారా స్వాగతించాడు. కొద్దికాలంలోనే ఆ సంస్థ కన్నడ, మరాఠీ, గుజరాతీ భాషలకు విస్తరించింది. తెలుగు నేల మీద పుట్టిన వార్తా సంస్థ ఇతర భాషల వారికి నమూనాగా నిలవడం చిన్న విజయం కాదు, ఆ విజయంలో రవిప్రకాశ్ పాత్రను ఎవరూ తగ్గించి చెప్పలేరు.

విమర్శ కూడా అదే వేగంతో పెరిగింది. 2011 ఫిబ్రవరి 22న టీవీ9 హైదరాబాదులోని స్వలింగ సంపర్కుల మీద రహస్య కథనం ప్రసారం చేసి, కొందరు వ్యక్తుల ముఖాలను, మాటలను వారి అనుమతి లేకుండా బయటపెట్టింది. దేశంలోని వార్తా ఛానళ్లు తమ మీద తామే ఏర్పాటు చేసుకున్న వార్తా ప్రసార ప్రమాణాల సంస్థ, జస్టిస్ జె.ఎస్.వర్మ అధ్యక్షతన ఈ కథనం మీద వచ్చిన ఫిర్యాదును విచారించి, ఆ కథనం వ్యక్తిగత గోప్యతను భంగపరిచిందని, ప్రజాప్రయోజనం లేని సంచలనమని నిర్ణయించింది. లక్ష రూపాయల జరిమానా కట్టాలని, మూడు రోజులపాటు తెర మీద క్షమాపణ ప్రసారం చేయాలని మార్చిలో ఆదేశించింది. తెలుగు టెలివిజన్ చరిత్రలో ఒక పౌర ఫిర్యాదు ఇంత స్పష్టమైన ఫలితం సాధించిన సందర్భాలు చాలా తక్కువ. అందువల్లనే ఆ ఉత్తర్వుకు జరిమానా మొత్తాన్ని మించిన విలువ ఉంది.

అంతకుముందు సంవత్సరమే మరింత ప్రమాదకరమైన ఘటన జరిగింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. నాలుగు నెలల తరువాత, 2010 జనవరి 7న, ఒక రష్యన్ వెబ్‌సైట్‌లోని ఆధారం లేని రాత ఆధారంగా ఆ మరణం వెనుక రిలయన్స్ సంస్థ ఉందనే అర్థం వచ్చే కథనాన్ని టీవీ5 ప్రసారం చేసింది. ఆ రాత్రే రాష్ట్రంలో పలుచోట్ల రిలయన్స్ దుకాణాల మీద దాడులు జరిగాయి. ఆ ఛానల్‌కు చెందిన ఇద్దరు పాత్రికేయులు అరెస్టయ్యారు. అప్పటికి రెండు వారాల ముందు, 2009 డిసెంబరు 25న, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి రాజ్‌భవన్ మీద ప్రసారం చేసిన కథనం మరునాడే గవర్నర్ ఎన్.డి.తివారీ రాజీనామాకు దారితీసింది. ఇలా పక్షం రోజుల వ్యవధిలో తెలుగు టెలివిజన్ ఒక గవర్నరును పదవి నుంచి దింపే శక్తినీ, ఒక వదంతితో వీధులను మండించే శక్తినీ చూపింది. ఆ శక్తి ఎవరి చేతిలో, ఏ నిబంధనల కింద ఉండాలన్న ప్రశ్న ఆనాడే గట్టిగా చర్చకు రావలసింది. చర్చ జరిగింది కానీ, అది ఎక్కువగా యాంకర్ల హావభావాల మీద, గొంతు స్థాయి మీద ఆగిపోయింది.

2018 ఫిబ్రవరి 24న నటి శ్రీదేవి దుబాయిలో మరణించినప్పుడు ఈ సంచలన ధోరణి పతాక స్థాయికి చేరింది. ఆమె తల్లి తిరుపతి వాసి కావడంతో ఈ ప్రాంతంలో ఆ మరణం ఇంటి మనిషిని కోల్పోయినంత బాధ కలిగించింది. అటువంటి సమయంలో ఒక తెలుగు ఛానల్ విలేకరి స్నానపు తొట్టిలో పడుకుని ఆమె మరణాన్ని అభినయించి చూపడం దేశవ్యాప్త నిరసనకు గురైంది. ఆ విలేకరి చేసింది తప్పే, కానీ ఆ దృశ్యాన్ని ఊహించినవారు, అనుమతించినవారు, ప్రసారం చేసినవారు, ఆ గంటకు వచ్చే రేటింగును లెక్కగట్టినవారు విమర్శల్లో ఎక్కడా కనిపించలేదు. రేటింగు అంటే, ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో అమర్చిన మీటర్ల ద్వారా ఏ ఛానల్‌ను ఎంతమంది చూశారో అంచనా వేసే వారపు లెక్క. ప్రకటనల ధర ఆ లెక్కను బట్టి మారుతుంది. ఛానళ్ల ఆదాయంలో సింహభాగం ప్రకటనలే కావడంతో, ఆ లెక్క న్యూస్ రూం నిర్ణయాల మీద సంపాదకుడి విచక్షణకంటే బలంగా పనిచేసింది.

ఈ వ్యవస్థ బరువు చివరికి దిగేది స్ట్రింగర్ మీదనే. తిరుపతి జిల్లాలో ఆయన దినచర్యలో పెద్ద భాగం ప్రోటోకాల్ వార్త, అంటే ప్రముఖుల రాకపోకల వార్త. 2015 అక్టోబరు 22న ప్రధాని నరేంద్ర మోదీ విమానాశ్రయంలో ‘గరుడ’ టెర్మినల్‌ను ప్రారంభించిన రోజు, 2019 జూన్ 9న ఆయన కొలంబో నుంచి నేరుగా రేణిగుంటలో దిగిన రోజు వంటి పెద్ద సందర్భాల్లో హైదరాబాదు నుంచి సీనియర్లు, ఉపగ్రహ సంకేతాలు పంపే ఓబీ వ్యాన్లు వస్తాయి. మిగతా రోజుల్లో ‘రేణిగుంట విమానాశ్రయంలో ఘన స్వాగతం’ అనే ఒక్క వాక్యం కోసం స్థానిక విలేకరి ఎండలో గంటల తరబడి నిలబడతారు. ప్రముఖుడు కారెక్కేలోపు దొరికే అర నిమిషపు మాటను వృత్తి భాషలో బైట్ అంటారు. బైట్ దొరికితే పని పూర్తయినట్టు, పోటీ ఛానల్‌కు దొరికి తనకు దొరకకపోతే వార్తలను ఎంపిక చేసే డెస్కు నుంచి ఫోను వచ్చినట్టు. తిరుమలకు రోజూ వచ్చే వేలాది సామాన్య భక్తుల కష్టసుఖాలకు ఈ ఏర్పాటులో మిగిలే సమయం స్వల్పం. అది విలేకరి ఎంపిక అని ప్రేక్షకుడు భావిస్తాడు, నిజానికి అది డెస్కు కోరిక.

అయినప్పటికీ ఈ ప్రాంతపు విలేకరులు చేసిన మేలును తక్కువచేసి చూపడం అన్యాయం. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలుగా చెప్పిన ఇరవై మంది తమిళులు పోలీసు కాల్పుల్లో మరణించినప్పుడు, శవాల పక్కన కనిపించిన దుంగల మీది రంగు గుర్తులు కెమెరాకు చిక్కాయి. అవి పాత దుంగలు కావచ్చన్న సందేహాన్ని ఆ దృశ్యాలే లేవనెత్తాయి. జాతీయ మానవ హక్కుల సంఘం ఆ ఘటనను తనంతట తానుగా విచారణకు తీసుకుంది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా తగ్గి, అధికారిక లెక్క ప్రకారం పదకొండు మంది కోవిడ్ రోగులు మరణించారు. వార్డులోని ఆక్రందన గంటల్లో తెర మీదికి రాకపోయి ఉంటే ఆ విషయం ఆసుపత్రి గోడలు దాటి ఎంత బయటికి వచ్చేదో చెప్పలేము. అంటువ్యాధి తీవ్రంగా ఉన్న రోజుల్లో బీమా లేకుండా, సంస్థ గుర్తింపు పత్రం తప్ప మరే భరోసా లేకుండా ఆసుపత్రుల గేట్ల దగ్గర నిలబడినవారు ఈ స్ట్రింగర్లే.

వారి స్థితి చట్టంలోనే బలహీనంగా ఉంది. పాత్రికేయుల పని గంటలు, సెలవులు, తొలగింపు పరిహారం వంటి హక్కులు కల్పించిన 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం వార్తాపత్రికల వారికి మాత్రమే వర్తించింది, ఎందుకంటే అది రూపొందిన నాటికి దేశంలో టెలివిజనే లేదు. ఢిల్లీలో ప్రయోగాత్మక ప్రసారం మొదలైంది 1959లో. టెలివిజన్ లక్షలాది ఇళ్లను చేరిన తరువాత కూడా ఆ చట్టాన్ని విస్తరించకపోవడంతో, స్ట్రింగర్‌కు ఉద్యోగి హోదా లేదు, తొలగిస్తే అడిగే దారి లేదు. దీనికి తోడు, ఛానల్‌కు ప్రకటనలు సేకరించి ఇవ్వాలన్న ఒత్తిడి మీద యూనియన్లు చాలాకాలంగా గొంతెత్తుతున్నాయి. పండుగకు నాయకుడి శుభాకాంక్షల ప్రకటన కోసం వెళ్లిన మనిషే మరునాడు అదే నాయకుడి అవినీతి మీద ప్రశ్న అడగాలంటే ఎంత ఇబ్బందో వివరించనవసరం లేదు. 2009 ఎన్నికల తరువాత ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ పశ్చిమ గోదావరిలో జరిపిన సర్వే డబ్బుకు వార్త అమ్ముకునే పద్ధతిని బయటపెట్టింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, కె.శ్రీనివాసరెడ్డి సభ్యులుగా ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఉపసంఘం 2010లో ఆ జాడ్యాన్ని దేశవ్యాప్తంగా నమోదు చేసింది. ప్రెస్ కౌన్సిల్‌కు మాత్రం టెలివిజన్ మీద అధికారం లేదు.

విలేకరి చేతిలో ఉండే మరో ఆధారం అక్రిడిటేషన్, అంటే రాష్ట్ర సమాచార పౌరసంబంధాల శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు. బస్సు రాయితీ, ఆరోగ్య పథకం, ప్రభుత్వ కార్యక్రమాల్లో ప్రవేశం దానితోనే వస్తాయి. యజమాని ఇవ్వని సౌకర్యాలను ప్రభుత్వం ఇస్తోంది కనుక, తాను ప్రశ్నించవలసిన ప్రభుత్వం మీదే విలేకరి ఆధారపడవలసి వస్తోంది.

మూడో దశలో విమర్శ చేసే హక్కును రాజకీయ అధికారం తన చేతుల్లోకి తీసుకుంది. 2014 జూన్‌లో తెలంగాణ శాసనసభ్యులను హేళన చేసిన ఒక కార్యక్రమం మీద ఆగ్రహం రేగడంతో కొత్త రాష్ట్రంలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ప్రసారాలను నిలిపివేశారు. ఆ కార్యక్రమం నిజంగానే అవమానకరమైనది, దాన్ని ప్రసారం చేసిన టీవీ9 క్షమాపణ చెప్పింది. అయినా నిలిపివేత నెలల తరబడి సాగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సెప్టెంబరులో టీవీ5, ఏబీఎన్ కేబుల్‌లో మాయమయ్యాయి. తప్పుడు వార్తల మీద కేసులు పెట్టే అధికారాన్ని శాఖల కార్యదర్శులకు ఇస్తూ అక్టోబరులో 2430 సంఖ్యతో ఉత్తర్వు వెలువడింది. 2021 మేలో ఆ రెండు ఛానళ్ల మీద రాజద్రోహం కేసు పెడితే, బలవంతపు చర్యలు తీసుకోరాదని సుప్రీంకోర్టు అడ్డుకుంది. 2024లో ప్రభుత్వం మారగానే ఈసారి సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ తెరలు చీకటయ్యాయి, పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది. సాక్షి టీవీ చర్చలో పాల్గొన్న ఒక విశ్లేషకుడు అమరావతి మహిళల గురించి చేసిన వ్యాఖ్యలకు సంబంధించి, ఆ చర్చ నడిపిన సీనియర్ పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావును 2025 జూన్ 9న పోలీసులు అరెస్టు చేశారు. ‘ఈనాడు’, ‘ఆంధ్రజ్యోతి’, ఎన్‌టీవీ మీదుగా సాక్షికి వచ్చిన దశాబ్దాల వృత్తి జీవితం ఆయనది. ఆ వ్యాఖ్యలు తీవ్రంగా ఖండించదగినవే, వాటిని అక్కడికక్కడే ఆపి ఖండించవలసిన బాధ్యత వ్యాఖ్యాతది. కానీ అతిథి మాటకు వ్యాఖ్యాతను జైలుకు పంపడం న్యాయం కాదు. నాలుగు రోజుల తరువాత, జూన్ 13న, సుప్రీంకోర్టు ఆయన విడుదలకు ఆదేశించింది.

టీవీ9 చరిత్ర కూడా ఈ దశలో మలుపు తిరిగింది. 2018లో దాని యాజమాన్యం అలంద మీడియా చేతికి మారింది. 2019 మేలో రవిప్రకాశ్‌ను తొలగించారు. కొత్త యాజమాన్యం ఫిర్యాదుల మీద ఆయనపై కేసులు నమోదై, అక్టోబరులో అరెస్టు కూడా జరిగింది. ఆరోపణలను ఆయన ఖండించారు. ఒక ఛానల్‌ను పదిహేనేళ్లు నడిపి, దాని ముఖంగా వెలిగిన వ్యక్తి సైతం వాటాల లెక్క మారగానే గేటు బయట నిలబడవలసి వచ్చిందంటే, మండల స్ట్రింగర్ పరిస్థితి ఊహించడం కష్టం కాదు.

ఛానళ్లు రాజకీయ పక్షాల వారీగా చీలిన ఈ విభజన రేణిగుంటలోనే ఒక రోజున కళ్లకు కట్టింది. 2021 మార్చి 1న, పురపాలక ఎన్నికల ముందు నిరసనకు వచ్చిన ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు నాయుడిని ఎన్నికల నియమావళి, కోవిడ్ నిబంధనలు కారణంగా చూపి పోలీసులు విమానాశ్రయంలోనే ఆపివేశారు. ఆయన నేల మీద బైఠాయించి, గంటల తరువాత హైదరాబాదుకు తిరిగి వెళ్లారు. ఆ ఒక్క దృశ్యాన్ని ప్రజాస్వామ్యం గొంతు నొక్కిన ఘట్టంగా కొన్ని ఛానళ్లు, నాటకంగా మరికొన్ని ఛానళ్లు చూపాయి. విలేకరులకు ప్రవేశం పరిమితంగా ఉండే లోపలి గదిలో ఏం జరిగింది, పోలీసులు ఏ ఉత్తర్వు చూపారు, నాయకుడు ఏమడిగారు అన్న విషయాలను ఒక పక్షానికి చెందని కంటితో తెలుసుకోగోరిన ప్రేక్షకుడు రెండు ఛానళ్లు మార్చి మార్చి చూసి, సగటు తీసుకోవలసి వచ్చింది. బయట నిలబడిన స్థానిక విలేకరులు ఒకే ఊరి వారు, ఒకే టీకొట్టు దగ్గర కలిసేవారు, ఒకరి బైటు మరొకరికి పంచుకునేవారు. వారి తెరలు మాత్రం రెండు వేర్వేరు సంఘటనలను చూపించాయి.

నేటి నియంత్రణ ఏర్పాటు ఈ పరిస్థితిని సరిచేయడానికి చాలదు. వార్తా ప్రసార ప్రమాణాల సంస్థ ఉత్తర్వులు సభ్య ఛానళ్లకే వర్తిస్తాయి. 2021 జూన్‌లో కేబుల్ నిబంధనలను సవరించి తెచ్చిన మూడంచెల ఫిర్యాదు విధానంలో చివరి అంచె కేంద్ర ప్రభుత్వమే. ఛానళ్ల యాజమాన్యం, రాజకీయ పక్షాల సంబంధం మీద పరిమితులు విధించాలని టెలికాం నియంత్రణ సంస్థ 2014 ఆగస్టులో చేసిన సిఫారసులు చట్టం కాలేదు. విలేకరుల విషయంలో మాత్రం ఒక అడుగు పడింది: 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనంలో ఎలక్ట్రానిక్ మీడియాను కూడా చేర్చింది. ఆ నిర్వచనం కింద స్ట్రింగర్ వస్తారా రారా అన్నది నియామక పత్రం ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది, ఆ పత్రమే వారిలో చాలామందికి లేదు.

అందువల్ల రాష్ట్ర ప్రభుత్వమూ జిల్లా అక్రిడిటేషన్ కమిటీలూ ఒక నిబంధన పెట్టాలి. ఏ ఛానల్ అయినా తన మండల విలేకరికి కార్డు అడిగినప్పుడు నియామక పత్రమూ, నెలకు ఇచ్చే పారితోషికమూ, ప్రకటనల సేకరణ ఆయన బాధ్యత కాదన్న హామీ రాతపూర్వకంగా జతచేయాలి. అవి ఇవ్వని ఛానల్‌కు జరిమానా పడాలే తప్ప విలేకరి కార్డు పోకూడదు. ప్రముఖుల రాకతో రోజూ కెమెరాలు మోహరించే తిరుపతి జిల్లా నుంచే ఈ పద్ధతి మొదలు కావాలి. ప్రేక్షకులు కూడా ఒక ఛానల్ ప్రసారం మీద ఆగ్రహం కలిగినప్పుడు తెర మీది మనిషిని తిట్టి ఊరుకోక, ఏ తేదీన ఏ గంటకు ఏ కథనం ప్రసారమైందో రాసి, ఆ ఛానల్ యాజమాన్యానికీ ప్రమాణాల సంస్థకూ ఫిర్యాదు పంపాలి. 2011లో లక్ష రూపాయల జరిమానా అలాంటి ఫిర్యాదు వల్లనే పడింది.